పిడికెడు బియ్యం

ఎసట్లో పోసే ముందు చేటలోంచి ఓ పిడికెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేయడం. మన క్రైస్తవ ఇళ్లలో దీన్ని గొప్పగా ఎవరూ చెప్పుకోరు. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్తాయి, అంతే.

కొల్లేటి లంకలో మా అమ్మమ్మ వేళ్లు గుర్తొస్తాయి. చేపలు బాగుచేసి చేసి పగిలిన వేళ్లు. సందుల్లోంచి నాలుగు గింజలు జారేంత నిండుగా తీసేది. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేటి నీళ్లు వాకిట్లోకి వచ్చిన ఏడు కూడా ఆ పిడికెడు తగ్గలేదు. రేపటికి ఉంటాయో లేదో తెలియని బియ్యంలోంచి తీయాలంటే ఎంత ధైర్యం కావాలి! ధైర్యమనగానే ప్రసంగాల్లో దానియేలు, సింహాల గుహ వస్తాయి. నాకు ముందు అమ్మమ్మే కనిపిస్తుంది.

దోర్నకల్ సంఘాల్లో ఈ అలవాటు బలంగా వేళ్లూనుకుంది. అక్కడి బిషప్ అజరయ్య, 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయినవారు, కూలి మీద బతికే పల్లె క్రైస్తవులూ ఇవ్వగలరని నమ్మారు. పేదవాణ్ణి అలా చూడటమే ఎంత ప్రేమ!

ఇప్పుడు ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఫోన్లోంచే కానుక పంపేస్తున్నాం. తప్పు లేదు. కానీ ఆకలేసిన ప్రతి పూటా ముందు ఇంకొకరిని తలచుకోవడం వేరు. అదీ నిగ్రహమే, దానికి శ్రమకాలపు నలభై రోజులే ఎందుకు? మా పిల్లలకు ఆకలి తెలియకుండా పెంచాం. ఇవ్వడమైనా తెలియాలని నా కోరిక.