కాగితం పావలా

మాది రాజంపేట దగ్గర పల్లె. మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. 2014లో నేనూ వెళ్లా. కాకపోతే నాకు పని దొరికింది కువైటీ ఇంట్లో కాదు, క్యాంప్ అరిఫ్జాన్‌లో. కువైట్ సిటీకి దక్షిణాన, ఎడారిలో ఉన్న అమెరికా సైనిక స్థావరం అది.

గేటు దాటితే వేరే లోకం. జిమ్, స్విమ్మింగ్ పూల్, బర్గర్ షాపులు, డాలర్లతో కొనుక్కునే పీఎక్స్ స్టోరు. ఒక్క మందు మాత్రం దొరకదు, సైనికులకు అక్కడ నిషేధం. ఇంకో వింత, చిల్లర. అమెరికా నుంచి నాణేలు మోసుకురావడం బరువని, వాటి బదులు గుండ్రటి అట్టముక్కలు ఇచ్చేవాళ్లు. పాగ్స్ అంటారు.

నాది డైనింగ్ హాల్లో పని. పన్నెండు గంటల డ్యూటీ. తర్వాత బస్సెక్కి బయట ఉన్న రూముకి. ఒక్కో గదిలో ఆరుగురం. ఫోన్లు లోపలికి తేనివ్వరు, రూములోనే వదిలి రావాలి.

2015 నవంబరు 26, థాంక్స్‌గివింగ్ రోజు. టర్కీ కోళ్లు, గుమ్మడికాయ పైలు, హాలంతా అలంకరణ. ఆ రోజు పెద్దాఫీసర్లే గరిటె పట్టి సిపాయిలకు వడ్డిస్తారు. సరిగ్గా అదే రోజు మా చెల్లి పెళ్లి. రెండేళ్ల కాంట్రాక్టు అయ్యేదాకా సెలవు లేదన్నారు. ముహూర్తం పదకొండు ఇరవైకి. అంటే కువైట్‌లో ఎనిమిది యాభై. ఆ టైముకి నేను పుచ్చకాయలు కోస్తున్నా.

మధ్యాహ్నం జ్యూస్ డబ్బాలు సర్దుతుంటే ఒక కుర్ర సిపాయి అడిగాడు, ఇంటికెళ్లి ఎన్నాళ్లయిందని. పద్నాలుగు నెలలన్నా. తనకి ఆరు నెలలట. ఈ రోజు చెల్లి పెళ్లని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పా. అతను కాసేపు ఏం మాట్లాడలేదు. జేబులోంచి పాతిక సెంట్ల పాగ్ తీసి, "మీ చెల్లికివ్వు" అన్నాడు. మన చదివింపుల సంగతి అతనికేం తెలుసు! నాకైతే గొంతు పట్టేసింది.

అన్ని సౌకర్యాల మధ్య వాడూ ఇంటి కోసమే రోజులు లెక్కపెట్టుకుంటున్నాడని అప్పుడే అర్థమైంది.

రాత్రి రూముకొచ్చి వాట్సాప్‌లో ఫొటోలు చూసుకున్నా. చెల్లి మెడలో గొలుసు నా జీతంతో కొన్నదే. నేను మాత్రం ఒక్క ఫొటోలోనూ లేను.

పది నెలల తర్వాత ఇంటికొచ్చి ఆ పాగ్ ఇస్తే, "దీనికేమొస్తాదన్నా?" అని నవ్వింది. ఏమీ రాదన్నా. అయినా పెళ్లి ఆల్బమ్‌లో దాచిపెట్టుకుంది.