విఘాతం ఎవరు చేశారు?

ఈ వరుసలో ఇప్పటిదాకా సాహిత్యం గురించీ హాస్టళ్ల గురించీ రాస్తూ వచ్చాను. ఈ భాగం ఒక సైన్స్ సెమినార్ గురించి. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి అక్కడేం పని అంటారేమో. పని ఒక మాట దగ్గర పడింది.

మా కాలేజీలో డిగ్రీ ఫైనలియర్ పిల్లలు ‘ఆవరణ వ్యవస్థల్లో డిస్టర్బెన్స్’ అనే అంశం మీద ఒకరోజు సెమినార్ పెట్టుకున్నారు. తెలుగులో పేపర్ రాసేవాళ్లకు పదాలు చూసిపెట్టమని నన్ను పిలిచారు. డిస్టర్బెన్స్‌ని తెలుగులో ఏమనాలి? ఒకమ్మాయి ‘కలత’ అంది. ఒకబ్బాయి ‘అలజడి’ అన్నాడు. చివరికి బ్యానర్ మీద ‘విఘాతం’ అని రాశారు.

ఆ మాట మనకు బాగా తెలుసు. ‘శాంతిభద్రతలకు విఘాతం’ అని పేపర్లో చదువుతాం, కేసు కాగితాల్లో చూస్తాం. శ్మశానానికి దారి అడిగితే విఘాతం. అంబేడ్కర్ విగ్రహం పెడతామంటే విఘాతం. దారి మూసినవాడికి మాత్రం ఆ మాట ఎవరూ తగిలించరు.

ముందు సైన్స్ ఏమంటోందో చూద్దాం. పికెట్, వైట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1985లో తెచ్చిన పుస్తకం ఈ రంగంలో అందరూ ప్రస్తావించేది. వాళ్ల లెక్కలో డిస్టర్బెన్స్ అంటే ఫలానా సమయంలో జరిగిన ఘటన. తుఫాను, కార్చిచ్చు, వరద లాంటిది. అది అక్కడి జీవుల అమరికను చెదరగొడుతుంది. నేల, నీరు, వెలుతురు ఎవరికెంత అందాలో మార్చేస్తుంది. అంతకు ఏడాది ముందు బెండర్, కేస్, గిల్పిన్ అనే ముగ్గురు ఇంకో తేడా చెప్పారు. ఒక్కసారి కొట్టి పోయేది పల్స్. వదలకుండా నొక్కి ఉంచేది ప్రెస్. పల్స్ తర్వాత వ్యవస్థ కోలుకునే వీలుంటుంది. ప్రెస్ కింద ఉన్నది ఆ ఒత్తిడికే సర్దుకుపోతుంది. కొన్నాళ్లకు చూసేవాళ్లకు అదే మామూలు స్థితి అనిపిస్తుంది.

విశాఖలో పల్స్ అనగానే గుర్తొచ్చేది 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. కంబాలకొండ అడవి నుంచి యూనివర్సిటీ దాకా చెట్లు కూలాయి. ఇంకోటి 2020 మే 7. తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. పశువులు చచ్చాయి, చెట్ల ఆకులు మాడాయి. ఈ రెండు తేదీలూ పిల్లల పేపర్లలో ఉన్నాయి. ఉండాల్సిందే.

ప్రెస్‌కి అలాంటి తేదీ ఉండదు. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట ఉప్పునీటి చిత్తడిని తవ్వి ఇన్నర్ హార్బర్ కట్టారు. 1933లో ఓడలు రావడం మొదలైంది. ఆ చిత్తడి మళ్లీ రాలేదు. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, నడుమ గిన్నెలాంటి పల్లం. ఫ్యాక్టరీల పొగా పోర్టు బొగ్గుధూళీ ఆ గిన్నెలోనే తిరుగుతుంటాయి. జ్ఞానాపురంలో ఆరేసిన బట్టను, కిటికీ రెక్కను వేలితో తుడిచి చూడండి. అక్కడ పుట్టిన పిల్లకు ఆ నల్లటి పొడే మామూలు.

ఇక స్టీల్ ప్లాంట్. దాని కోసం 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. దాన్ని ప్రైవేటుకి అమ్మాలన్న 2021 నిర్ణయాన్ని వ్యతిరేకించినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఒక మాట అడగాలి. నష్టపరిహారం పట్టా చూసి వస్తుంది. ఆ పొలంలో కూలిపని, ఆ చెరువులో చేప, ఆ బంజరులో మేత పోగొట్టుకున్నవాళ్ల నష్టాన్ని దేంతో కొలవాలి?

సెమినార్‌లో మధ్యాహ్నం ఒక స్లైడ్ వచ్చింది. నగరంలోని గెడ్డలు పాడవడానికి కారణాల జాబితా అది. వరదలు, ప్లాస్టిక్, పరిశ్రమలు, నాలుగోది ‘మురికివాడలు’. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్లమ్మ మున్సిపాలిటీలో పారిశుధ్య పని చేస్తుంది. “మేం గెడ్డని పాడుచేసేమా సార్, ఊరి మురుగంతా తెచ్చి మా గుమ్మంలోకి వదిలేరా?” అని అడిగింది. అతిథిగా వచ్చిన పెద్దాయన నవ్వి, “సెమినార్ డిస్టర్బ్ అవుతోంది, కూర్చోమ్మా” అన్నారు.

గెడ్డకు జరిగింది కారణాల జాబితాలో ఒక గీత. ప్రశ్న అడగడం మాత్రం డిస్టర్బెన్స్.

నాకు కారంచేడు గుర్తొచ్చింది. పికెట్, వైట్ పుస్తకం వచ్చిన 1985లోనే, జులైలో. మాదిగలు తాగే చెరువు నీళ్లను కమ్మ యువకులు మురికి చేస్తుంటే వద్దన్నందుకు గొడవ మొదలైంది. మున్నంగి సువార్తమ్మ తన బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జులై 17న, మాదిగవాడ మీద పడి ఆరుగురిని చంపారు. నీళ్లు కలుషితం చేయడం అక్కడ రోజూ ఉన్న ప్రెస్. ఎత్తిన బిందె వాళ్ల కంటికి విఘాతం.

విఘాతం తర్వాత ‘నగరం మళ్లీ లేచి నిలబడింది’ అని రాస్తారు. హుద్‌హుద్ తర్వాత లేపిందెవరు? పక్క మున్సిపాలిటీల నుంచి కూడా పారిశుధ్య కార్మికులను రప్పించారు. కూలిన కొమ్మలు, కుళ్లిన చెత్త, చచ్చిన పశువులు, అన్నీ వాళ్ల చేతుల మీదుగానే పోయాయి. మన ఉత్తరాంధ్రలో ఆ చేతులు ఎక్కువగా రెల్లి, మాల, మాదిగ చేతులు. ఆవరణ వ్యవస్థ బొమ్మలో గద్ద ఉంటుంది, బ్యాక్టీరియా ఉంటుంది, వాళ్లుండరు.

ప్రకృతిని చూపించి సమాజాన్ని వివరించేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. కులం కూడా ప్రకృతి ధర్మమేనని వేల ఏళ్లు మనకు చెప్పారు కదా. అయినా ఆ శాస్త్రంలో ఒక సంగతి నాకు నచ్చింది. 1978లో జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్త, ఓ మోస్తరు విఘాతాలున్నచోటే ఎక్కువ రకాల జీవులు బతుకుతాయని వాదించాడు. పెద్ద చెట్టు ఒరిగినచోట నేల మీదికి ఎండ దిగుతుంది, అన్నాళ్లూ నీడలో ఆగిన మొలక లేస్తుంది. ఈ వాదం అన్నిచోట్లా నిలవదని తర్వాతివాళ్లు విమర్శించారు. కానీ విఘాతమంటేనే చెడు అని శాస్త్రం అనడంలేదు.

ఆ అమ్మాయి ప్రశ్నను సెమినార్ రిపోర్టులో వేయాలని పిల్లలు పట్టుబట్టారు. ‘సబ్జెక్టుకి సంబంధం లేదు’ అని కొందరు లెక్చరర్లు అడ్డు చెబుతున్నారు. సంబంధం ఉందని నేను రాసిచ్చాను. ఈ రాత అందులోంచి పెరిగిందే.

వేరే కాలేజీల్లో ఇలాంటి పేపర్లు రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీ స్టడీ ఏరియా మ్యాప్ గీసేటప్పుడు మూడు సంగతులు రాయండి. గాలి ఎటు వీస్తుందో, అటువైపు ఏ వాడ ఉందో. మురుగు ఎక్కడ పుడుతుందో, ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో. తుఫాను మర్నాడు చీపురు ఎవరి చేతిలో ఉందో. ఇవి లేని మ్యాప్‌లో సైన్స్ కూడా సగమే ఉన్నట్టు. ఎవరైనా మిమ్మల్ని డిస్టర్బ్ చేస్తున్నావంటే, పల్సా ప్రెస్సా అని అడగండి.

వచ్చే భాగంలో గంగవరం మత్స్యకారుల గురించి. జై భీమ్.