సముద్రం మీద వాళ్లకేం పని?

వదినా, అన్న సెకండ్ షిఫ్టుకు పోయిండా? జర ఇటు గోడ దగ్గరికి రా. జీతం కోసం కాదు, కడుపు కోసం కాదు, మరి ఆ ఆడపిల్లలు అంత సముద్రం మీదికి ఎందుకు పోయిండ్రని నిన్న అడిగినవు గదా. నేను రాత్రంతా అదే ఆలోచించిన.

వాళ్లు అప్పుడు నేవీ ఆఫీసర్లు, ఒడ్డున కూసున్నా జీతమొచ్చేది. ఆరుగురూ ఆడోళ్లే. మన హైదరాబాద్ పిల్ల బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ పిల్ల స్వాతి అందుల ఉన్నరు. 2017 సెప్టెంబర్ 10న గోవాల తారిణి పడవ ఎక్కి, భూగోళం చుట్టి, 2018 మే 21న మళ్ల అక్కడ్నే దిగిండ్రు. పసిఫిక్‌ల గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలి. తిరిగొస్తుంటే స్టీరింగ్ చెడిపోయి మారిషస్‌ల ఆగిండ్రు.

ప్రాణమంటే లెక్కలేదా అంటవు. నేనొప్పుకోను. లెక్కలేనోళ్లయితే ముందుగాల మారిషస్ దాకా పోయొచ్చి పని నేర్చుకుంటరా? ఒంటికి కట్టుకున్న పట్టీని పడవకు తగిలించుకుని డెక్ మీదికి వస్తరా? అన్న దిగే బొగ్గు బాయిల సర్దార్ కర్రతోని పైకప్పు కొట్టి చప్పుడు వినేది కూడా బతకాలనే గదా.

బాయి పనిని ఆటతోని పోల్చుడు నాకు మనసొప్పదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిల నీళ్లొచ్చి 17 మంది పోయిండ్రు. ఆ తర్వాత కూడా మనోళ్లు దిగిండ్రంటే ఇల్లు గడవాలని. అయినా అన్న చెప్పేది గుర్తుందా? లోపల పక్కోని ప్రాణం తన చేతుల, తన ప్రాణం పక్కోని చేతుల అని. వాళ్లను సముద్రం గుంజేది గదేనని నాకు గట్టిగ అనిపిస్తది.

ఒంటరిగ పోయినోళ్లకూ గదే, కేరళాయన అభిలాష్ టామీని చూడు. 2018 సెప్టెంబర్‌ల భూగోళం చుట్టే గోల్డెన్ గ్లోబ్ పడవ పందెంల ఒక్కడే పోతుంటే తుఫానుకు తెరచాప స్తంభం ఇరిగింది, నడుం దెబ్బతిన్నది, లేవలేడు. అదే పందెంల ఉన్న ఐర్లాండ్ ఆయన గ్రెగర్ మెక్‌గకిన్ పడవకూ స్తంభం పోయింది. అయినా ఉన్నదాంతోని చిన్న తెరచాప కట్టుకుని టామీ దిక్కే మళ్లిండు. మూడు రోజులకు ఫ్రాన్స్ ఓడ వచ్చి ముందు టామీని, తర్వాత మెక్‌గకిన్‌ను తీసుకున్నది. వెన్నుల టైటానియం కడ్డీలు పెట్టుకుని టామీ 2022ల మళ్ల అదే పందానికి పోయిండు వదినా. రెండో స్థానం వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, మీ చిన్నది హుస్సేన్‌సాగర్ల సెయిలింగ్ నేర్చుకుంటనంటున్నదని గదా నీ బెంగ. ముందుగాల ఈత నేర్పియ్యి. నేర్పేటోళ్లెవరో, లైఫ్ జాకెట్లు సరిపోను ఉన్నయో లేవో అన్నను పోయి చూసి రమ్మను. వద్దనుడు మాత్రం ఇప్పుడే అనకు.