పరిశుద్ధ గ్రంథపఠనము: అనుదిన జ్ఞానమును కృతజ్ఞతయు

పరిశుద్ధ గ్రంథము గలవారు రెండు తెఱగులుగా నుందురు. కొందరు దానిని ఆదివారమున దేవాలయమునకు తీసికొనిపోయి, మరల నింటికి తెచ్చి, గూటిలో భద్రపరతురు. మరికొందరు దానిని వంటయింటి దీపమువలె దినదినమును వెలిగించుకొందురు. మొదటివారిని నిందించుట నా యుద్దేశము కాదు. అయితే దీపము వెలిగించినగాని గిన్నెలో నేమున్నదో కానరాదు గదా! ఆ వెలుగు మన అనుదిన కార్యములమీద నెట్లు పడునో, నాకు తెలిసినంతవరకు మన పాఠశాల బాలబాలికలకును వారి తలిదండ్రులకును మనవి చేయుటకే ఈ వ్యాసము.

మొదట సామెతల గ్రంథమును తీసికొందము. దానిలో 31 అధ్యాయములు గలవు. తేదీ ననుసరించి దినమున కొక అధ్యాయము చదువుట సులువైన పద్ధతి. నేడు 12వ తేదీ యైనచో 12వ అధ్యాయము. గుర్తుపెట్టుకొను శ్రమ లేదు. 30 దినముల మాసములో మాత్రము కడపటి అధ్యాయము మిగిలిపోవును. అది లెమూయేలు అను రాజునకు అతని తల్లి చేసిన యుపదేశముతో ప్రారంభమగును. కావున దానిని విడువక ముందటి యధ్యాయముతో గలిపి చదువవలెనని తల్లులందరును నాతో నేకీభవింతురని నమ్ముచున్నాను.

ఈ గ్రంథము చెప్పు జ్ఞానము మన వీధిలోను, బజారులోను, పొలములోను పనికివచ్చునది. దొంగత్రాసు దేవునికి హేయమని అది చెప్పును. ఒకనికి పూచీపడుటకు ముందు యోచింపుమని హెచ్చరించును. పొరుగువాని గడప మాటిమాటికి త్రొక్కవలదనియు చెప్పును. నెమ్మదిగా పలికినచో రేగిన కోపము చల్లారునని నేర్పును. ఈ కడపటి మాట నిజమని ఉపాధ్యాయులకు దినమున కొకసారియైన తెలియును. ఇద్దరు బాలురు బల్లమీది చోటుకొరకు కలహించుచుండగా ఉపాధ్యాయుడును గొంతు పెంచినచో, అరచువారు ముగ్గురగుదురు. ఆయన గొంతు తగ్గించినచో, వినుటకైనను వారు తగ్గవలసి వచ్చును.

సోమరిని చీమయొద్దకు పంపిన గ్రంథము కూడ ఇదియే. చీమకు మేస్త్రీ లేడు, అజమాయిషీ చేయువాడు లేడు. అయినను వేసవిలో తన యాహారమును కూర్చుకొనును. పరీక్షకు ముందటి రాత్రి మాత్రమే పుస్తకము విప్పు విద్యార్థికి ఇంతకంటె వేరుగ చెప్పవలసినది లేదు. ఇక ఆగూరు అను నతని ప్రార్థన యొకటి కలదు. తనకు పేదరికమును వలదు, ఐశ్వర్యమును వలదు, తగినంత యన్నము చాలునని యతడు వేడుకొనెను. కలిమిచేత దేవుని మరచిపోదునేమో, లేమిచేత దొంగిలింతునేమో యని యతని భయము. ఇది రెండిటి బలమును ఎరిగినవాని ప్రార్థన. తగినంత యనగా నెంతయో తెలిసికొన్నవానికే తనకు దొరికినది కనబడును. కనుక జ్ఞానము కృతజ్ఞతకు వాకిలి యని చెప్పవచ్చును.

అయితే కృతజ్ఞత మనయందు ఏల కొఱవడును? లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగుల కథ కలదు. పదుగురును బాగుపడిరి, సమరయుడైన యొకడే తిరిగివచ్చి ప్రభువు పాదములయొద్ద సాగిలపడెను. తక్కిన తొమ్మండుగురు దుర్మార్గులని మనము సాధారణముగా తలంతుము. వారు చేసిన దుష్కార్యము మాత్రము గ్రంథములో కనబడదు. యాజకులకు కనుపరచుకొనుడన్న యాజ్ఞ ప్రకారమే వారు బయలుదేరిరి. విడిచిన యిల్లు, చూడని బిడ్డలు, మానిన పనులు వారి మనస్సున మెదలియుండవచ్చును. వారికి తొందర, అంతే. మన యిండ్లలో కృతజ్ఞత లేకపోవుటకు కారణము పెక్కుసారులు ఈ తొందరయే. తల్లి వడ్డించిన యన్నము తిని బడి గంటకు పరుగెత్తు బాలుడు చెడ్డవాడు కాడు. తిరిగి చూడలేదు, అంతే. తిరిగి చూచుటకు కొన్ని క్షణములు చాలును.

ఇంతవరకు చెప్పినది సులువు. కష్టమైన ప్రశ్న నొక విద్యార్థి నన్నడిగెను. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపమున తీరము దాటెను. కోసిన వరి పనలు పొలములోనే నీట నానెను; గింజ మొలకెత్తెను. ఆ మాసములో నొకనాడు, ప్రతి విషయమునందును కృతజ్ఞులై యుండవలెనని పౌలు థెస్సలొనీకయులకు చేసిన హితోపదేశమును 9వ తరగతికి బోధించుచుంటిని. కౌలురైతు కుమారుడొకడు లేచి, “మేష్టారూ, పంట పోయినది, కౌలు మాత్రము కట్టవలెను. మా నాన్నగారు దేనికని స్తోత్రము చేయవలెనండీ?” అని యడిగెను. తరగతియంతయు నిశ్శబ్దమాయెను. అతడు నవ్వులాట కడుగలేదు. అట్టి ప్రశ్నకు తొందరపడి యుత్తర మిచ్చుట న్యాయము కాదు. కావున, “మనము రూతు గ్రంథమును చదివి చూతము” అని చెప్పితిని. అది 4 అధ్యాయములు, 85 వచనములుగల చిన్న గ్రంథము. రెండు పాఠములలో ముగిసెను.

బేత్లెహేము అనగా రొట్టెల యిల్లని యర్థము. ఆ రొట్టెల యింటనే కరవు వచ్చెను. ధాన్యాగారమని పేరుగన్న మన డెల్టాలో అన్నము కరవగుట యెట్టిదో, అదియు నట్టిదే. నయోమి భర్తతోను ఇద్దరు కుమారులతోను మోయాబునకు వలసపోయి, అచ్చట ముగ్గురిని పోగొట్టుకొని, కోడలైన రూతుతో తిరిగివచ్చెను. ఊరి స్త్రీలు పేరు పెట్టి పిలువగా, తనను ఇక నయోమి యనవలదనియు, చేదు అని యర్థమిచ్చు మారా యని పిలువుడనియు ఆమె చెప్పెను. దేవుడే తన్ను బాధించెనని బహిరంగముగా పలికెను. ఆ మాటను గ్రంథము కొట్టివేయలేదు, ఆమెను గద్దింపలేదు. ఇది చదివినప్పుడు ఆ బాలుడు, “అయితే మా నాన్నగారు ఏడ్చుట తప్పు కాదన్నమాట” అనెను. కాదు నాయనా, తప్పు కాదు. పౌలు ఆ చోట ప్రతి విషయమునందును కృతజ్ఞత కోరెను గాని, తుపాను కొరకు స్తోత్రము చేయుమని కోరలేదు. ఆ రెంటికిని చాల భేదము కలదు.

మరి ఆ చేదులో కృతజ్ఞత యెచ్చటనుండి వచ్చెను? పొలమునుండి వచ్చెను. చేని యంచులు పూర్తిగా కోయరాదనియు, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు మోషే ధర్మశాస్త్రము విధించెను. బోయజు అంతటితో నాగక, పిడికిళ్లలోనుండి కొంచెము కావలెననియే రాల్చుడని కోతగాండ్రతో చెప్పెను. రూతు సాయంకాలమువరకు ఏరి దుళ్లగొట్టగా ఒక ఏఫా, అనగా సుమారు 22 లీటర్ల యవలు వచ్చెను. ఆమె మధ్యాహ్నమున తనకు పెట్టిన పేలాలలో కొన్ని మిగిల్చి అత్తకు తెచ్చియిచ్చెను. నయోమి నోట మరల దేవుని స్తుతి వినబడినది అప్పుడే. ఆమె దుఃఖము తీరిపోలేదు. భర్తయు కుమారులును తిరిగిరాలేదు. కాని ఒకరు రాల్చిరి, ఒకరు ఏరిరి, ఒకరు దాచి తెచ్చిరి. ఆ మూడు చేతుల వెనుక దేవుని హస్తమును ఆమె గుర్తుపట్టెను.

పరిగె యనగా నేమో మాకు పుస్తకములో చదివి తెలిసికొనవలసిన పని లేదు. మా తల్లి కోతలైన చేలలో పరిగె యేరి మమ్ము పెంచినది. అట్టి దినములలోను వంటకు ముందు పిడికెడు బియ్యము దేవుని పనికని వేరు కుండలో వేయుట మానలేదు. రూతు మిగిల్చిన పేలాలును మా తల్లి పిడికెడు బియ్యమును నాకు ఒక్కటిగానే తోచును. ఇప్పుడు వరికోత యంత్రములు వచ్చి, పరిగె యేరువారు అరుదైరి. కాని బీదలకొరకు చేని యంచు విడువవలెనన్న విధి పోలేదు. ఆ యంచు నేడు మన జీతములోను, మన తీరికలోను ఉన్నది.

పాఠము ముగిసిన వారములో శనివారమున ఆ తరగతి బాలురు కొందరు పోయి, తడిసిన పనలను గట్టుమీదికి మోసి, తిరగవేసి యారబెట్టిరి. దక్కిన ధాన్యము కొంచెమే, కౌలు తీరలేదు. అయినను ఆ తండ్రి సాయంకాలమున వారందరికిని తేనీరు ఇప్పించి, వారితో కలసి ప్రార్థన చేసెను.

మనకు మరియొక ఋణము కలదు. 1805వ సంవత్సరమున క్రాన్, డెగ్రాంజెస్ అను దైవసేవకులు విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయమున సువార్తలను తెనిగింప మొదలిడిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారు తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. అచ్చుపుస్తకము చూచు భాగ్యము వారికి లేకపోయెను. వారు రాల్చిన గింజలను మనము ఏరుకొనుచున్నాము.

కావున ప్రియ విద్యార్థులారా, దినమున కొక అధ్యాయము చదువుడు. చదివినదానిలో ఒక్క మాటను ఆ దినపు పనిలో పెట్టి చూడుడు. నిద్రకు ముందు ఆ దినమున మీకొరకు గింజ రాల్చినవారి నొకరిని పేరుతో తలంచి దేవుని స్తుతింపుడు. తలిదండ్రులారా, మీ బిడ్డలు కష్టమైన ప్రశ్న లడిగినయెడల కోపింపక, వారితో గ్రంథము విప్పి కూర్చుండుడు. సకల జ్ఞానమునకు కర్తయగు దేవుడు మన పాఠశాలను, మన యిండ్లను ఆశీర్వదించును గాక.