తొందరపడితే మచ్చే!

గడ్డం కింద పదిపన్నెండు వెంట్రుకలు. పై పెదవి మీద కాస్త నూగు. చూసేవాళ్లకు అంతే. ఆ అమ్మాయికి మాత్రం అది రోజూ పొద్దున్నే మొదలయ్యే యుద్ధం. బస్సులో కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోదు, ఎండ పడితే బయటపడతాయని. ఫొటో అనగానే వెనక వరుసలోకి జారుకుంటుంది. మాట్లాడుతుంటే చెయ్యి దానంతటదే గడ్డం మీదకు వెళ్తుంది. చిన్నప్పుడు సున్నిపిండి సరిగా రుద్దలేదని అమ్మమ్మ అమ్మను దెప్పుతుంది. అమ్మ కూతుర్ని పార్లర్‌కి పంపుతుంది. థ్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచింగ్... కొన్ని రోజులకే మళ్లీ మామూలే!

సరిగ్గా అప్పుడే 'శాశ్వతంగా పోతాయి' అన్న మాట చెవిన పడుతుంది. ఆ మాటలో అబద్ధం లేదు. అమెరికాలోని ఎఫ్‌డీఏ శాశ్వతంగా రోమాలు తొలగించే పద్ధతిగా గుర్తించింది ఎలక్ట్రాలిసిస్‌నే. లేజర్ విషయంలో ఆ సంస్థ వాడే మాట 'శాశ్వత తగ్గింపు'. పైగా లేజర్‌కి వెంట్రుకలో నలుపు ఉండాలి. ఎలక్ట్రాలిసిస్‌కి రంగుతో పనిలేదు. వెంట్రుక నల్లదైనా తెల్లదైనా, చర్మం ఏ ఛాయదైనా పనిచేస్తుంది. కానీ ఆ తర్వాత చర్మం చూపే స్పందన మాత్రం అందరిలో ఒకేలా ఉండదు. చిక్కంతా అక్కడే.

కంటి డాక్టరు కనిపెట్టాడు

ఈ చికిత్స అందం కోసం పుట్టింది కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటి వైద్యుడు ఉండేవారు. కొందరికి కనురెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిని గీరుతుంటాయి. పీకితే మళ్లీ వస్తాయి. ఆయన సన్నటి సూదిని వెంట్రుక పక్కనుంచి కుదురు దాకా దించి, కరెంటు పంపి, మళ్లీ మొలవకుండా చేశారు. 1875లో ఆ సంగతి ప్రకటించారు. కంటి దగ్గర పని కదా! రవ్వంత ఎక్కువైనా ముప్పే. ఈ చికిత్సకు మొదటి పాఠం అక్కడే ఉంది.

ఇందులో జరిగేది ఇంతే. చర్మం లోపలి తడిలో ఉప్పు ఉంటుంది. దాంట్లోకి డైరెక్ట్ కరెంటు వెళితే సోడియం హైడ్రాక్సైడ్, అంటే సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడా, రవ్వంత తయారవుతుంది. అదే కుదురును చంపుతుంది. దీన్ని గాల్వానిక్ అంటారు. హై ఫ్రీక్వెన్సీ కరెంటు వేడితో చంపేది థర్మోలిసిస్. రెండూ కలిపితే బ్లెండ్.

ఎంత కరెంటు? ఎంతసేపు?

గాల్వానిక్‌లో ఒక లెక్క ఉంది. మిల్లీయాంపియర్‌లో పదో వంతు కరెంటు ఒక సెకను పంపితే ఒక యూనిట్. మూడు వంతుల కరెంటు ఇరవై సెకన్లు పంపితే అరవై యూనిట్లు. ఆరు వంతులు పది సెకన్లు పంపినా అరవయ్యే. తయారయ్యే కాస్టిక్ ఒక్కటే. కానీ రెండోసారి నొప్పి వేరు, చర్మం పడే అవస్థ వేరు.

ఇది తెలియకే చాలామంది, "కాస్త పెంచండక్కా, ఓర్చుకుంటాను" అంటారు. మాఘమాసంలో ముహూర్తం పెట్టేసుకుని కార్తీకంలో చికిత్సకు వచ్చేవాళ్లది మరీ తొందర. ఓర్చుకోవాల్సింది మనసు కాదు, చర్మం. దానికి ముహూర్తాలు తెలియవు.

అలాగని కరెంటు మరీ తగ్గినా లాభం లేదు. కుదురు చావదు, వెంట్రుక మళ్లీ వస్తుంది. సరిపోయిందని తెలిసేదెలా? పట్టకారుతో అందుకోగానే వెంట్రుక జారి వచ్చేయాలి. చురుక్కున లాగినట్టు అనిపించిందంటే అది పీకడమే. సూది దించేటప్పుడూ అంతే. కుదురు దాకా వెళ్లకుండా పైపైనే ఉంటే, కాలేది కుదురు కాదు, పైచర్మం. రంధ్రం చుట్టూ చర్మం తెల్లబడుతుంటే వెంటనే చెప్పాలి. సిగ్గుపడి ఊరుకుంటే నష్టపోయేది ముఖమే.

ఏది మామూలు? ఏది కాదు?

సిట్టింగ్ అయ్యాక కాస్త ఎరుపు, వాపు, దోమ కుట్టినట్టు చిన్న దద్దుర్లు మామూలే. చాలామందికి కొన్ని గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో తగ్గుతాయి. గాల్వానిక్, బ్లెండ్ చేయించుకున్నవాళ్లకు ఆవగింజంత పెచ్చులు కట్టొచ్చు. వాటంతటవే రాలాలి. గిల్లితే మచ్చే. అద్దం చూసుకున్నప్పుడల్లా గోరు అటే వెళ్తుంది కాబట్టి ఈ జాగ్రత్త చెప్పుకోవాల్సిందే.

పొక్కులు లేచినా, చీము పట్టినా, రోజురోజుకీ నొప్పి పెరుగుతున్నా మామూలు కాదు. చర్మ వైద్యుణ్ని చూడాలి. పెచ్చులు ఊడాక గుంటలు పడ్డాయంటే తీవ్రత మితిమీరిందని అర్థం.

మన చామనఛాయ చర్మానికి ఇంకో గుణం ఉంది. ఎక్కడ కాలినా, వాచినా అక్కడ నల్లమచ్చ మిగులుస్తుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. వెంట్రుక పోయి మచ్చ వచ్చిందంటే ఏం బావుకున్నట్టు? అందుకే మొదట దవడ కింద, నలుగురికీ కనిపించని చోట కొన్ని వెంట్రుకలు మాత్రమే తీయించి, కొన్ని వారాలు ఆగి చూడటం మంచిది. పక్కపక్కనే ఉన్నవన్నీ ఒకే రోజు తీయించకూడదు. ఒకటి విడిచి ఒకటి తీస్తే మధ్య చర్మం తేరుకుంటుంది. పై పెదవి మరీ సున్నితం. గాయమైతే కండ పెరిగే తత్వం ఉన్నవాళ్లు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇంటికొచ్చాక శుభ్రమైన గుడ్డలో ఐసు చుట్టి అద్దుకోవచ్చు. ఆ రోజు మేకప్ వద్దు. పసుపు, శనగపిండి, నిమ్మరసం లాంటి ఇంటి చిట్కాలు ఆ వారం పక్కన పెట్టాలి. ఎండలోకి వెళితే గొడుగు తప్పనిసరి. సిట్టింగుల మధ్య థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయిస్తే సూదికి దారి చూపే వెంట్రుకే ఉండదు. తప్పదనుకుంటే కత్తిరించుకోవచ్చు. ఇక సూది... ప్రతి మనిషికీ కొత్తది, కళ్లముందే ప్యాకెట్ విప్పినది కావాలి. పాత సూదితో హెపటైటిస్ లాంటివి అంటుకునే ప్రమాదం ఉంది.

అసలు కారణం చూశారా?

వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటే కొన్ని చర్మం లోపల నిద్రపోతుంటాయి. అందుకే చికిత్సకు ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. నెలసరి తప్పుతున్నా, బరువు పెరుగుతున్నా, రోమాలు ఉన్నట్టుండి ఎక్కువైనా హార్మోన్ల పరీక్ష ముందు చేయించాలి. పీసీఓఎస్‌గా మనకు తెలిసిన సమస్యే చాలామందిలో మూలం. దాన్ని వదిలేసి ఎన్ని కుదుళ్లు చంపినా, పక్కన కొత్త వెంట్రుకలు గట్టిపడుతూనే ఉంటాయి.

ఇంట్లో పెద్దవాళ్లు చేయగలిగింది ఒకటుంది. పెళ్లిచూపుల దాకా ఆగి, అప్పుడు హడావుడిగా పరుగెత్తించకుండా ఉండటం. పదిహేడేళ్ల పిల్ల చున్నీ గడ్డం దాకా లాక్కుంటోందంటే గమనించి, దెప్పకుండా, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం. చేతిలో రెండేళ్లు ఉంటే కరెంటు పెంచమని ఎవరూ అడగరు.