పొగవైపు, గాలివైపు: టర్బోఛార్జరు మీద ఒక తెలుగు పాఠం



ఒడిశా తీరాన పూరీ పెంటకోటలోను, పారాదీప్ రేవు పరిసరాలలోను తెలుగు మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. అటువంటి కుటుంబానికి చెందిన తండ్రి ఒకరు నన్ను సూటిగా అడిగారు: “మావాడు రేపు మరపడవల ఇంజన్లు బాగుచేసి బతుకుతాడు. వాడికి తెలుగెందుకు మాస్టారూ?” ప్రశ్న న్యాయమైనదే. దానికి భాషాభిమానం మీద ఉపన్యాసం జవాబు కాదు. అందుచేత డీజిలు ఇంజనులోని ఒక భాగాన్నే తెలుగు పాఠం చేశాను. మీరూ చేసి చూడండి.

టర్బోఛార్జరు చేసే పని ఇది: బయటికి పోయే పొగ బలంతో గాలిని నొక్కి ఇంజనులోకి పంపడం. గాలి ఎక్కువగా అందితే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. అంతే పరిమాణం గల ఇంజను మరింత శక్తినిస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో ఈ ఉపాయానికి పేటెంటు పొందాడు.

ఆపి చల్లార్చిన ఇంజను వద్ద పిల్లలను ముందుగా రెండు వైపులు గుర్తించమనండి. ఇంజను నుండి పొగ వచ్చే గొట్టానికి బిగించిన, వేడికి రంగు మారిన బరువైన పోత ఇనుప తొడుగు పొగవైపు. అందులో టర్బైను చక్రం ఉంటుంది. గాలి ఫిల్టరు నుండి గొట్టం వచ్చి చేరేది గాలివైపు. మరపడవల ఇంజన్లలో ఈ తొడుగు సాధారణంగా తేలికైన అల్యూమినియంతో చేసినది. అందులో కంప్రెసరు చక్రం ఉంటుంది. రెండు తొడుగులూ నత్తగుల్లను పోలి ఉంటాయి. రెండు చక్రాలనూ కలిపేది ఒకే ఇరుసు. దానిని మోసేవి నడుమనున్న బేరింగులు. నూనె అటూ ఇటూ కారకుండా ఆపేవి సీళ్లు. పెద్ద ఓడల ఇంజన్లలో పొగను చక్రపు రెక్కలపైకి మళ్లించే నాజిల్ వలయమూ, గాలి వేగాన్ని పీడనంగా మార్చే డిఫ్యూజరూ కనిపిస్తాయి. నొక్కిన గాలి వేడెక్కుతుంది. దానిని దారిలో చల్లబరిచేది కూలరు.

గమనించండి, టర్బైను, కంప్రెసరు అన్న పేర్లను నేను మార్చలేదు. రేవులో మెకానిక్కు వాడే మాట పిల్లవాడికి రావలసిందే. అయితే కలపడం, మోయడం, ఆపడం, మళ్లించడం వాడి ఇంటి మాటలు. పేరు వల్లించినవాడు భాగాన్ని చూపగలడు. దాని పనిని సొంత మాటల్లో చెప్పగలిగినవాడు, ఇంజను నల్లపొగ కక్కినప్పుడు ఫిల్టరు మూసుకుపోయిందా, చక్రం సరిగా తిరగడం లేదా అని ఆలోచించగలడు.

కనుక పరీక్షలో “భాగముల పేర్లు వ్రాయుము” అనకండి. “ఈ భాగం లేకపోతే ఏమవుతుంది?” అని అడగండి. తల్లిదండ్రులారా, పడవ దగ్గర మీరూ అదే అడగండి, తెలుగులోనే.