సంక్రాంతి తర్వాతి పాఠాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు మేము పాత విద్యార్థులం నలుగురం కూర్చుని ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాం. క్రమశిక్షణ గురించీ, కాలం విలువ గురించీ ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. చివరికి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తమ్ముళ్ల ట్రంకు పెట్టెల్లోంచి పుస్తకాలు తీయించి, సంక్రాంతి సెలవులయ్యాక వాళ్లు చదవబోయే పాఠాలేమిటో చూశాం. పేజీలు తిప్పుతుంటే మా సంగతే మాకు గుర్తొచ్చింది. అదే రాస్తున్నాం.

మాలో ఇద్దరం జగ్గయ్యపేటలో, ఇద్దరం నందిగామలో హాస్టల్లో ఉండి చదువుకున్నాం. 2000 దాటిన కొత్తలో సంగతి. అప్పుడిది కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది. జిల్లా పేరు మారింది గానీ మన మెట్ట మారలేదు. పత్తి అదే, మిరప అదే, కోతల కాలమూ అదే.

మా ఇళ్లలో గోడకు వేలాడే క్యాలెండరు ఒకటి, గోడ మీద లేనిది ఇంకొకటి ఉండేవి. మొదటిదాని ప్రకారం సంక్రాంతి సెలవులు అయిపోగానే బడి తెరుస్తారు. రెండోదాని ప్రకారం సంక్రాంతి కాగానే మిరప కోతలు ఊపందుకుంటాయి. దసరాకు మొదలైన పత్తితీతలు పూర్తిగా అవ్వకముందే మిరప పండుతుంది. మేస్త్రి ఇంటి ముందుకొచ్చి "ఎంతమంది వస్తారు?" అని అడుగుతాడు. అమ్మ లెక్క చెబుతుంది. ఆ లెక్కలో మేమూ ఉంటే బడి లెక్కలో ఉండేవాళ్లం కాదు.

సరిగ్గా ఆ రెండు నెలల్లోనే పుస్తకంలో అసలు పాఠాలు వస్తాయి. ఈ మాట మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాలో ఒకడి కథ చెబుతాం. వాడు ఏడో తరగతిలో ఉండగా సంక్రాంతికి ఇంటికెళ్లాడు. అంతకుముందు వేసవిలో వాళ్ల అక్క పెళ్లి చేశారు, అప్పుంది. "కోతలయ్యేదాకా ఉండరా, తర్వాత పోదువుగాని" అన్నాడు వాళ్ల నాన్న. ఆయన చెడ్డవాడేమీ కాదు. వేరే దారి కనపడక అన్నమాట అది. కిటికీ కింద వాడి ట్రంకు పెట్టె తాళం వేసి ఉంది. పైన దుమ్ము పేరుకుంది. రాత్రి హాజరు తీసేటప్పుడు వాడి పేరు వస్తే "రాలేదు సార్" అని మేమే చెప్పేవాళ్లం. కొన్నాళ్లకు అలా చెప్పడం మాకూ అలవాటైపోయింది.

ఉగాదికి వారం ముందు వచ్చాడు. వేళ్లకు ఇంకా మిరప ఘాటు పోలేదు. నిద్రలో కళ్లు నులుముకుని లేచి కూర్చునేవాడు. బడిలో మొదటి రోజు లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక సమీకరణం రాసి వాణ్ని చేయమన్నారు. వాడు బోర్డు దగ్గరకెళ్లి నిలబడ్డాడు. అందులో ఉన్న 'ఎక్స్'ను వాడు గుణకారం గుర్తు అనుకున్నాడు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ మాకు సిగ్గుగానే ఉంటుంది.

అప్పట్లో ఏడో తరగతికి ఉమ్మడి పరీక్ష ఉండేది. దాన్ని ఎలాగో గట్టెక్కాడు. అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఎనిమిదిలో, తొమ్మిదిలో ఏ లెక్క పట్టుకున్నా ఆ రెండు నెలల పాఠాల దగ్గరే ఆగిపోయేవాడు. గైడులో చూసి బట్టీపట్టి అప్పజెప్పేవాడు. అంకె మార్చి ఇస్తే చేతులెత్తేసేవాడు. సోషల్లో ఒక పాఠం పోతే ఆ ఒక్కటే పోతుంది. లెక్కల్లో ఒక పాఠం పోతే దాని మీద కట్టిన పాఠాలన్నీ పోతాయి. పునాదిలో నాలుగు రాళ్లు తక్కువైతే పై గోడకు సున్నం ఎంత బాగా వేస్తే ఏం లాభం?

అందుకే ఆరు నుంచి ఎనిమిది వరకు ఏం నేర్చుకోబోతున్నారో తమ్ముళ్లకు ముందే చెప్పాలనుకున్నాం. పుస్తకాలు మారుతుంటాయి, పాఠాల వరస మారుతుంటుంది. కానీ ఈ మూడేళ్లలో చేతికి రావాల్సినవి మాత్రం అవే.

ముందు లెక్కలు. ఇంతవరకూ సున్నాతో మొదలయ్యే సంఖ్యలే మీకు తెలుసు. ఇప్పుడు సున్నాకు కింద ఉండే సంఖ్యలు వస్తాయి. భయపడకండి. చేతిలో 300 రూపాయలు, తీర్చాల్సిన బాకీ 500 అయితే మీ దగ్గర ఉన్నది ఎంత? మైనస్ 200. అది మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంఖ్యే.

తర్వాత బీజగణితం. తెలియని సంఖ్యకు ఒక అక్షరం పెట్టుకుని, తెలిసినవాటి సాయంతో దాన్ని పట్టుకోవడం. కల్లంలో ఒకే బరువున్న ఐదు మిరప టిక్కీలు, విడిగా 20 కిలోల కాయలు ఉన్నాయి. మొత్తం 220 కిలోలు. టిక్కీ బరువెంత? 220లో 20 తీసేస్తే 200. దాన్ని ఐదుతో భాగిస్తే 40. మీరు నోటితో చేసిన ఈ పనినే పుస్తకంలో ఎక్స్ పెట్టి చేస్తారు.

ఆ తర్వాత నిష్పత్తి, అనుపాతం. పదిమంది 12 రోజుల్లో కోసే తోటను పదిహేనుమంది ఎన్ని రోజుల్లో కోస్తారు? ఎనిమిది రోజుల్లో. మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి. దీన్ని విలోమానుపాతం అంటారు. మీ అమ్మ మేస్త్రితో మాట్లాడుతూ ఈ లెక్క వేళ్ల మీద వేసేస్తుంది. పేరొక్కటే ఆమెకు తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యం శాతాలు, వడ్డీ. ఊళ్లో "రెండు రూపాయల వడ్డీ" అంటే వినడానికి చాలా తక్కువగా ఉంటుంది. నూటికి నెలకు రెండు రూపాయలని దాని అర్థం. పుస్తకం భాషలో ఏడాదికి 24 శాతం. పదివేలు తెస్తే ఏడాదికి వడ్డీయే 2,400. మూడు రూపాయల వడ్డీ అయితే 3,600. ఈ పాఠం వచ్చాక మాలో ఒకడు ఇంటికెళ్లి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. వాళ్ల నాన్న ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తర్వాతి అప్పు తెచ్చేటప్పుడు మొదటిసారి వడ్డీ గురించి గట్టిగా బేరమాడాడు. చదువు ఇంటికి పనికొచ్చిందని ఆ ఇంట్లో తెలిసింది ఆ రోజే.

ఇక సైన్సు. ఆమ్లాలు, క్షారాల పాఠం వస్తుంది. పరీక్ష కోసం సూచికల పేర్లు బట్టీపట్టే ముందు వంటగదికి వెళ్లండి. పసుపులో తడి సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి అదే. సున్నం క్షారం, పసుపు దాన్ని పట్టిచ్చే సూచిక. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు రావడానికి కారణం మన నేలలోని సున్నపురాయి. ఆ రాయి ముక్క మీద ఆమ్లం చుక్క వేస్తే బుడగలొస్తాయి. అది కార్బన్ డయాక్సైడు. అదే వాయువును సున్నపుతేటలోకి ఊదితే తెల్లబడుతుంది. రోజూ దుమ్ము లేపుకుంటూ పోయే ఆ లారీల్లో ఉన్నది మన పాఠమే. పంటల పాఠం వచ్చినప్పుడైతే మీరే మాస్టారుకు నాలుగు మాటలు చెప్పగలరు. మొహమాటపడకుండా చెప్పండి.

సోషల్లో శాతవాహనులు, ఇక్ష్వాకులు, బౌద్ధం వస్తాయి. అమరావతి, నాగార్జునకొండ పేర్లు వింటారు. జగ్గయ్యపేట పక్కనే ధనంబోడు అనే గుట్ట ఉంది. అక్కడి బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. మాంధాత చక్రవర్తి శిల్పంగా చెప్పే పేరుపొందిన పలక అక్కడ దొరికిందే. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, ఇక్కడి స్తూపానికి ఐదు ఆయక స్తంభాలు ఇచ్చినట్టు శాసనం ఉంది. ఇచ్చింది రాజు కాదు. సిద్ధార్థుడనే ఒక శిల్పి. పనిచేసి బతికిన మనిషి పేరు బ్రాహ్మీ లిపిలో రాతి మీద నిలిచింది. మేము ఆరేడేళ్లు ఆ గుట్ట దగ్గరలోనే ఉండి కూడా ఈ సంగతి చదువు అయిపోయాక తెలుసుకున్నాం. మీరు అలా చేయకండి. ఒక ఆదివారం వెళ్లి చూసి రండి.

ఆధునిక చరిత్ర, భూగోళం దగ్గరికొచ్చేసరికి నాగార్జునసాగర్ గురించి చదువుతారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగినవారిలో మన ముక్త్యాల రాజా ఒకరు. మన మెట్టకు నీళ్లు తెచ్చేది ఎడమ కాలువ. మునేరు, పాలేరు ఎక్కడ పుట్టి ఎక్కడ కృష్ణలో కలుస్తాయో మ్యాపులో వేలు పెట్టి చూడండి. 2023 జూలైలో ఐతవరం దగ్గర మునేరు వరద హైదరాబాద్ రోడ్డును ముంచేసి బస్సులు ఆగిపోయినప్పుడు, అదెందుకు జరిగిందో చెప్పేది ఆ మ్యాపే.

భాషల దగ్గర మనవాళ్లకు బెదురు ఎక్కువ. ఆరులో హిందీ అక్షరాలు కొత్తగా దిద్దాలి. తెలుగులో సంధులు, సమాసాలు వస్తాయి. ఇంగ్లీషు సరేసరి. మీకు మాకు లేని సౌకర్యం ఒకటి వచ్చింది. 2020 తర్వాత మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు తెచ్చారు. అలాంటి పుస్తకం చేతిలో ఉంటే ముందు తెలుగు పేజీ చదివి విషయం అర్థం చేసుకోండి. తర్వాత ఎదుటి పేజీ చదివి, నిష్పత్తిని రేషియో అంటారనీ, సమీకరణాన్ని ఈక్వేషన్ అంటారనీ నోటుబుక్కులో ఎదురెదురుగా రాసుకోండి. అర్థం కాని ఇంగ్లీషును బట్టీపట్టడం కన్నా ఇది ఆలస్యమే, కానీ నిలుస్తుంది.

మళ్లీ మా స్నేహితుడి దగ్గరికొద్దాం. వాడు తొమ్మిదిలో ఉండగా ఒకరోజు స్టడీ అవర్లో పదో తరగతి అన్న ఒకాయన వాడి పక్కన కూర్చున్నాడు. నోటుబుక్కు చూసి తిట్టలేదు, నవ్వలేదు. "ఎక్కడిదాకా వచ్చురా నీకు?" అని మాత్రం అడిగాడు. అన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వాణ్ని అడగలేదు. వెనక్కి వెళ్తూ వెళ్తూ ఆరో తరగతి పుస్తకం దగ్గర ఆగారు. తొమ్మిదోవాడు ఆరో తరగతి పుస్తకం చదువుతున్నాడంటే నలుగురూ నవ్వుతారని దానికి న్యూస్‌పేపరు అట్ట వేసి, పైన 'తొమ్మిదో తరగతి' అని రాశాడు. ఆ అన్న మూడు నెలలు రోజూ రాత్రి స్టడీ అవర్ తర్వాత అరగంట కూర్చోబెట్టాడు. తన పదో తరగతి చదువు ఉండగానే. మా స్నేహితుడికి పదిలో లెక్కల్లో 61 మార్కులొచ్చాయి. ఈ వ్యాసం రాస్తున్న నలుగురిలో వాడూ ఒకడు. ఎవరన్నది మాత్రం చెప్పం.

మా వాళ్లందరికీ అలాంటి అన్న దొరకలేదు. కోతలకెళ్లి తిరిగి రాని పెట్టెలు కూడా మాకు గుర్తున్నాయి. వాళ్లలో మా అందరికన్నా చురుకైనవాళ్లు ఉన్నారు. మా కాలంలో విద్యాహక్కు చట్టం లేదు. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు చదువు ఇప్పుడు మీ హక్కు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం నేరమని 2016లో సవరించిన చట్టం చెబుతోంది. కానీ చట్టం మీ ట్రంకు పెట్టె తాళం తీయదు. అది మీరే తీయాలి.

తమ్ముళ్లూ, ఆడపిల్లల హాస్టళ్లలో చదివే చెల్లెళ్లూ, మేము కోరేది పెద్దవేమీ కాదు. పండక్కి ఇంటికెళ్లినప్పుడు రాబోయే పాఠాల పేర్లు అమ్మానాన్నలకు చదివి వినిపించండి. ఏ నెలలో ఏం పోతుందో వాళ్లకు తెలియాలి. సెలవుల్లో ఇంటి పనిలో చేయి వేయండి, తప్పులేదు. బడి తెరిచే రోజుకు మాత్రం వచ్చేయండి. ఒకవేళ ఏ కారణంచేతనైనా పాఠాలు పోయి ఉంటే, పోయిన చోటికి వెనక్కి వెళ్లండి. ఆరో తరగతి పుస్తకమైనా సిగ్గుపడొద్దు, అట్ట వేయాల్సిన పని కూడా లేదు.

తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లకు ఒక్క మాట. సెలవుల తర్వాత మొదటి రాత్రి స్టడీ అవర్లో ఎవరి పెట్టె దగ్గర ఖాళీగా ఉందో చూడండి. ఆ ఊరి పిల్లలెవరైనా ఉంటే కబురు పంపండి, వార్డెన్‌గారికి చెప్పండి. వచ్చినవాడు వెనకబడి ఉంటే పక్కన కూర్చుని, ఎక్కడిదాకా వచ్చో అడగండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పాత విద్యార్థులం